తిరపతమ్మ బంతిలో కూర్చున్న రోజు

సీతారావమ్మ, మిరపకాయల కోతకి పోయేది, మాటకి మాట అప్పజెప్పేది, ఆమె. ఆమెకి ఒక్కతే కూతురు, తిరపతమ్మ. పుట్టగానే ఏడవలేదంట ఆ పిల్ల, ఒళ్లంతా నీలంగా అయిపోయిందంట. తర్వాత ఏమైందంటే, మూడేళ్లొచ్చినా మెడ నిలవదు, కాళ్లు మెలికపడి బిగుసుకుపోతయ్యి, చెయ్యి ఇటు చాపితే అటు పోతది. మాట్లాడితే తల్లికి తప్ప ఎవురికీ తెలిసేది కాదు. గ్రహణం పట్టినప్పుడు నడుందాకా గుంటలో పూడ్చిపెడితే కాళ్లొస్తయ్యి అన్నారు. అన్నారేంది, అన్నది నేనే! నా నోరు పడిపోను. పెట్టారు. ఆ పిల్ల గుక్కపెట్టి ఏడ్చింది, గ్రహణం విడిచింది, కాళ్లు మాత్రం రాలా. నువ్వు నవ్వబాక ఎంకాయమ్మా, ఆ గుంట తవ్వింది మీ ఆయనే.

సీతారావమ్మకి ఒకటే దిగులు. "అచ్చమ్మొదినా, నేను పోతే దీని నోట్లో ముద్ద పెట్టేదెవరే?" అనేది నాతో. పదిహేనేళ్లొచ్చినా తనే తినిపించేది అనుకో. అట్టా ఉండగా పట్నంనించి రెబెకమ్మని ఒకామె రావడం మొదలుపెట్టింది. ఇట్టాంటి పిల్లలకి ఒళ్లు సాగదీసి, పనులు నేర్పే చదువంట ఆమెది. చూసి, కాళ్లల్లో ఏం దోషం లేదమ్మా, పుట్టినప్పుడు గాలందక మెదడుకి దెబ్బ తగిలింది, సెరిబ్రల్ పాల్సీ అంటారు, పూర్తిగా పోదు, కానీ నేర్పితే నేర్చుకుంటది, బుర్ర శుభ్రంగా ఉంది అందంట. వడ్రంగి చేత నడుముకి పట్టీ ఉండే కుర్చీ చేయించింది. వాకరు తెచ్చి, దాన్ని పట్టుకుని లేవటం, నాలుగడుగులు ఈడ్చటం నేర్పింది. చెంచా కాడకి సైకిల్ ట్యూబు చుట్టి, లావు చేసి, ఆ పిల్ల పిడికిట్లో పెట్టింది. పెట్టి, "సీతారావమ్మా, ఇంక నువ్వు ముట్టుకోబాక" అంది. నోట్లోకి పోయేది పది మెతుకులు, ఒళ్లో పడేది గుప్పెడు. చూడలేక ఆ తల్లి చేతులు కొంగులో చుట్టుకుని కూర్చునేది. మేం ఊరుకున్నామా? కన్నతల్లివా, కసాయిదానివా అని తిట్టాం. పడింది. నాలుగేళ్లు పడింది మహాతల్లి.

పోయినేడు సీతారావమ్మ గుండె ఆగి పోయింది. పెద్దకర్మనాడు చుట్టాలంతా చేరి, పిల్లనెవరు ఉంచుకోవాల, నెలకొకరా, ఏదన్నా ఆశ్రమంలో వేద్దామా అని ఒకటే వాదులాట. ఈలోపు ఇస్తరాకులు ఏశారు. తిరపతమ్మ వాకరు పట్టుకుని ఈడ్చుకుంటా వచ్చింది, తన కుర్చీ బంతిలో ఏయమంది. ఎన్నడూ కూర్చోలా ఆ పిల్ల బంతిలో. మేనమామ కళ్లనీళ్లు పెట్టుకుని ముద్ద కలిపి నోటిదాకా తెచ్చాడు. మొహం తిప్పుకుంది. ఒక్కో మాటా కూడదీసుకుని, "అమ్మ... నేర్పింది. నువ్వు తిను మావయ్యా" అంది.

తింది. పప్పు ఒలకబోసుకుంది, మధ్యలో తల్లి గుర్తొచ్చి ఏడ్చింది, మళ్లీ తింది. మన తీరు తెలుసుగా, బంతిలో ఆఖరు మనిషి తినేదాకా లేవకూడదు. గంట పట్టింది. అరవై మందిమి, ఎంగిలి చేతులు ఎండిపోయినయ్యి, ఒక్కరంటే ఒక్కరు కదలలా. నాకైతే ఏడుపాగలా. ఆ పిల్లనెవరుంచుకోవాలనే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఇయ్యాల్టికీ తన ఇంట్లో తనే ఉంటంది, వండింది మేం ఇచ్చొస్తాం, రెబెకమ్మ వారానికొకసారి వచ్చి చూసి పోతది. ఆ రోజు లేచేటప్పుడు ఏమైందంటే, నా మోకాళ్లు పట్టేసి నన్ను ఇద్దరు పట్టి లేపాల్సొచ్చింది. ఆ పిల్ల తనంతట తనే లేచింది.