మస్తానమ్మ ఇంగిలీషులో చెప్పిన మాట

మస్తానమ్మని మీరు చూసే ఉంటారు, ఊటగుంటలో ఆటో బ్రహ్మయ్య పెళ్లాం, ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని పోయేది, నవ్విందంటే పక్క వీధికి వినపడిద్ది. ఆ, ఆమే. ఆమెకేమో లోపల్లోపల ఒక కోరిక ఉందంట. నగా కాదు, మేడా కాదు. మొగుడి ఆటో తను తోలాలని. ఆ ఆటో ఇంటికొచ్చిన కాడ్నించీ ఆమె చూపు దాని మీదే అనుకో. ఎనక సీట్లో కూర్చుని ఆయన క్లచ్చి ఎట్టా పడతన్నాడు, గేరు ఎట్టా తిప్పతన్నాడు, కాలు బ్రేకు మీద ఎప్పుడు పెడతన్నాడు, అన్నీ చూసుకుంటా పోయేదంట. ఇంట్లో రోలు ముందు కూర్చున్నా ఎడంచెయ్యి దానంతటదే గేరు తిప్పతా ఉండేదంట. మరి మొగుణ్ణి అడగొచ్చు గదా అంటారు మీరు. ఎట్టా అడిగిద్దమ్మా? బ్రహ్మయ్య మంచోడే, చెయ్యెత్తే మనిషి కాదు, కాకపోతే ఆ తాళంచెవి మొలతాడుకి కట్టుకుని తిరుగుతాడు, పడుకున్నా తియ్యడు. ఒకసారి ఊరికే హ్యాండిలు మీద చెయ్యేసిందంట ఈమె. "మేయ్, దాన్ని తాకమాక, అదేమన్నా గేదె అనుకున్నావా పాలు పిండేదానికి" అన్నాడంట. అక్కడున్నోళ్లంతా నవ్వారు. ఈమె గూడా నవ్వింది. నవ్విందే గానీ, మళ్లీ ఆయన ముందు ఆ ఊసెత్తలా.

అట్టా ఉండంగా ఏమైందంటే, సముద్రం ఒడ్డున కొత్తగా హోటలొకటి కడతా ఉన్నారు. ఊళ్లో ఆడోళ్లకి పనులిస్తాం, కాకపోతే దేశదేశాలోళ్లు వస్తారు గాబట్టి నాలుగు ఇంగిలీషు ముక్కలు రావాల అన్నారంట. చెప్పేదానికి సులోచన అని ఒక టీచరమ్మని పంపించారు. చిన్నపిల్ల, పాతికేళ్లు ఉంటయ్యో ఉండవో. మధ్యాన్నం పూట అంగన్‌వాడీ బళ్లో క్లాసు. ఆ బళ్లో ఉండేయి పిల్లల కుర్చీలు గదా, మన ఆడోళ్లు కూర్చుంటే లేచేటప్పుడు కుర్చీ గూడా ఎంటబడి లేస్తంది. నవ్వులు, కేకలు. ఆ నవ్వుల మధ్యే వాట్ ఈజ్ యువర్ నేమ్ అయిపోయింది, గుడ్ మార్నింగ్ అయిపోయింది, ఒకరోజు టీచరమ్మ బోర్డు మీద రెండు మాటలు రాసి, "రేపు ఇంటర్వ్యూలో మీ డ్రీమ్ ఏంటి, మీ గోల్ ఏంటి అని అడుగుతారు, ఈరోజు అది చెప్పుకుందాం" అన్నదంట. డ్రీమ్ అంటే ఏందమ్మా అంటే, కల అన్నది. ఇంకేముంది, ఒకామె రాత్రి పాము కలలోకొచ్చిందని చెప్పింది, ఇంకొకామె చచ్చిపోయిన అత్త కలలోకొచ్చి పులుసులో ఉప్పు తక్కువైందన్నదని చెప్పింది. "అది కాదమ్మా, నిద్రలో వచ్చేది కాదు, మీరేం కావాలనుకుంటన్నారు, ఏం చెయ్యాలనుకుంటన్నారు, అది" అని టీచరమ్మ తల పట్టుకుంది. సరే, గోల్ సంగతి చూద్దామని తిరపమ్మని లేపింది. తిరపమ్మంటే బ్రహ్మయ్యకి మేనత్త. "వాట్ ఈజ్ యువర్ గోల్?" అన్నదంట టీచరమ్మ. తిరపమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగినయ్యి. "నా గోల ఏమని చెప్పేది తల్లీ, ఇన్నాళ్లకి అడిగినదానివి నువ్వొక్కదానివే" అని కోడలి సంగతి ఎత్తుకుంది. కోడలు కాఫీలో పంచదార ఎయ్యనిది మొదలుపెట్టి, పెళ్లిలో పెట్టిన చీర రంగు దాకా వచ్చేటప్పటికి క్లాసు టైము అయిపోయింది. పాపం ఆ పిల్ల, మధ్యలో ఆపకుండా అంతా విన్నదంట. మంచిపిల్ల.

మర్నాడు టీచరమ్మ తెలివిగా ముందే ఒక మచ్చుముక్క రాసిపెట్టింది. ఐ వాంట్ టు బికమ్ ఎ డాక్టర్. నేను డాక్టర్ని అవ్వాలనుకుంటన్నాను అని. ఇట్టా ఎవురిది వాళ్లు చెప్పండి అన్నది. మనోళ్లు లేవడం, డాక్టర్ అనడం, కూర్చోవడం. అరవై ఏళ్ల తిరపమ్మ గూడా డాక్టరే. "ఊరంతా డాక్టర్లయితే రోగులెవరమ్మా?" అని టీచరమ్మ నవ్వుకుంటా మస్తానమ్మ వైపు తిరిగింది. మస్తానమ్మ లేచి నిలబడింది. చుట్టూ చూసింది. ఒకపక్క తిరపమ్మ, ఒకపక్క తోడికోడలు, అంతా తెలిసినోళ్లే. తెలుగులో ఒక్క ముక్కన్నా, పొద్దుగూకే లోపల బ్రహ్మయ్య చెవిన పడిద్ది. కానీ ఇంగిలీషులో అంటే ఎవురికి తెలుస్తది? అట్టా అనుకునేసరికి, ఇన్నేళ్లూ తెరుచుకోని నోరు తెరుచుకుందంట చూడు. "ఐ వాంట్ డ్రైవ్ ఆటో" అన్నది. అని ఒక్క క్షణం తన మాట తనే విన్నది. "మై హస్బెండ్ ఆటో. కీ నో గివ్. ఐ నో ఆస్క్. ఐ ఫియర్. బట్ ఐ వాంట్." మనసు ఎంత తేలికైందంటే, గంప దించినట్టయ్యిందంట. టీచరమ్మ చేతిలో సుద్దముక్క అట్టానే ఉంది. మిగతావోళ్లు ఏమన్నదమ్మా, ఏమన్నది అని అడగతన్నారు. ఆ పిల్ల మస్తానమ్మ మొహం చూసి, "చాలా బాగా చెప్పింది" అని అంతవరకే అన్నది.

ఇక తిరపమ్మ ఊరుకుంటదా? తిన్నగా బ్రహ్మయ్య కాడికి పోయి, "ఒరే, నీ పెళ్లాం నీ గురించీ నీ ఆటో గురించీ ఇంగిలీషులో గడగడా చెప్పిందిరా, టీచరమ్మే నోరెళ్లబెట్టింది" అన్నదంట. ఆమెకి తెలిసిన ముక్కలు రెండే గదా, హస్బెండు, ఆటో. బ్రహ్మయ్యకి నేల మీద కాలు నిలవలేదనుకో. ఆ వారమంతా ఆటో ఎక్కినోళ్లందరికీ అదే చెప్పుకున్నాడంట. అంతటితో ఆగితే బాగానే ఉండేది. తోటపాలెంలో వాళ్ల చెల్లెలి కొడుక్కి పుట్టెంటికలు తీయిస్తా ఉంటే మొగుడూపెళ్లాలు ఇద్దరూ పోయారు. భోజనాలైనయ్యి, షామియానా కింద చుట్టాలంతా చేరారు. బావగారి తరఫున కోటిరత్నం మాస్టారని, హైస్కూల్లో ఇంగిలీషు చెప్పిన పెద్దాయన, ఆయన గూడా అక్కడే కూర్చుని మజ్జిగ తాగతన్నాడు. బ్రహ్మయ్య లేచి, "మా ఇంటామె ఇంగిలీషు మాట్లాడిద్ది, అందరూ వినండి" అన్నాడు. వద్దయ్యా అని ఈమె, కాదు చెప్పాల్సిందే అని ఆయన. "నా గురించి చెప్పావంట గదే, అదే చెప్పు" అంటాడు. మస్తానమ్మ ఏంజేసిద్ది, లేచింది. కళ్లు మూసుకుని మొత్తం అప్పజెప్పింది. ఐ వాంట్ డ్రైవ్ ఆటో, మై హస్బెండ్ ఆటో, కీ నో గివ్, అంతా. ఒక్కో మాటకీ బ్రహ్మయ్య తల ఊపతా, "విన్నారా, హస్బెండన్నది, నేనే. ఆటో అన్నది, మనదే" అని పక్కనోళ్లకి చెప్పతా ఉన్నాడంట. మాస్టారికి మాత్రం మజ్జిగ పొలమారింది.

అందరూ చప్పట్లు కొట్టారు. బ్రహ్మయ్యకి అది చాలలా. "మాస్టారూ, అందరికీ అర్థమయ్యేటట్టు తెలుగులో చెప్పండి" అన్నాడు. మాస్టారు ఆయన్ని చూశాడు, ఆమెని చూశాడు, మీసం తుడుచుకుని, "ఏముందయ్యా, మా ఆయన ఆటో తోలతా ఉంటే విమానంలో పోయినట్టుంటది అంటంది" అన్నాడు. ఓహో అని మళ్లీ చప్పట్లు. పెద్దమనిషి, ఒక కాపురం నిలబెట్టాననుకున్నాడు. మస్తానమ్మ గూడా అక్కడితో కూర్చోవచ్చు. ఎవురికీ ఏమీ తెలిసేది కాదు, మొగుడు సంతోషంగానే ఉన్నాడు. కూర్చోబోయింది గూడా. కానీ ఏమైందంటే, మోకాళ్లు వంగలేదంట. "కాదు మాస్టారూ" అన్నది. "మీరు మంచికే చెప్పారు, నేనన్నది మాత్రం అది కాదు. నాకు ఆటో తోలాలనుంది అన్నాను. మా ఆయన తాళం ఇయ్యడన్నాను. అడగాలంటే భయమన్నాను. తెలుగులో అనలేక ఇంగిలీషులో అన్నాను." గుండు చేయించుకున్న పిల్లోడొక్కడే ఏడుస్తా ఉన్నాడు. ఎవురో కిసుక్కుమన్నారు. ఆడబిడ్డ, "అదేం మాట వదినా, అందర్లో" అన్నది. బ్రహ్మయ్య లేచి పోయి ఆటోలో కూర్చున్నాడు. మస్తానమ్మ ఎనకాలే పోయి ఎక్కింది.

సరుగుడు తోటలు దాటాక, సముద్రం పక్కన రోడ్డు వస్తది చూడు, అక్కడ బండి ఆపేశాడంట. ఈమెకి పై ప్రాణం పైనే పోయింది. "భయమా? నేనంటే నీకు భయమా?" అన్నాడు, ఎనక్కి తిరక్కుండానే. ఆయనకి ఆటో మాట కాదమ్మా, ఆ మాట గుచ్చుకుంది. "నువ్వంటే కాదయ్యా. నువ్వు నవ్వుతావని" అన్నది. ఆయన హ్యాండిలు మీంచి చేతులు తీశాడంట. తర్వాత, "నన్ను గూడా ఎవురూ అడగలేదే" అన్నాడు. ఏమడగాల అన్నది ఈమె. "అదే, మీ టీచరమ్మ అడిగిందే, నీకేం కావాలా అని. నాకు ఎనక సీట్లో కాళ్లు చాపుకుని కూర్చోవాలనుంటది. ఇన్నేళ్లుగా ఈ రోడ్డు మీదే తిరుగుతన్నా, నా కళ్లెప్పుడూ గుంటల మీదా గొర్రెల మీదే." అని మొలతాడు ముడి ఇప్పి తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, దిగొచ్చి ఎనక కూర్చున్నాడంట.

మస్తానమ్మ ముందుకెక్కింది. మొదటిసారి బండి ఎగిరి ఆగిపోయింది. రెండోసారి గూడా అంతే. బ్రహ్మయ్య రెండు చేతుల్తో పైన కమ్మీ పట్టుకుని, "క్లచ్చి మెల్లగా వదలాలే, మెల్లగా" అని అరుస్తా ఉన్నాడు. మూడోసారి కదిలింది. నడిచినట్టే పోతంది గానీ, పోతంది. ఈమెకి నవ్వాగలేదు, ఆ నవ్వుకి రోడ్డు మీద కొంగలు లేచిపోయినయ్యంట. కొంతదూరం పోయాక ఎనక అరుపులు ఆగిపోయినయ్యి. ఏందబ్బా అని అద్దంలో చూస్తే, ఆయన బయటికి వొంగి చూస్తా ఉన్నాడంట. "మస్తానా, సముద్రం ఎంత నీలంగా ఉందే. రోజూ ఇట్టానే ఉంటదా?" అన్నాడు. "రోజూ ఇట్టానే ఉంటది" అన్నది ఆమె.

ఇదంతా జరిగి ఏడాదైంది. మస్తానమ్మ లైసెన్సు తెచ్చుకుంది, హోటలు పనికి పోలా, పొద్దున ఆమె తోలిద్ది, సాయంత్రం ఆయన తోలతాడు. ఆడబిడ్డ ఇప్పుడు ఆమె బండి తప్ప వేరేది ఎక్కదంట. మొన్న నేను గూడా ఎక్కాను, సంతకి పోవాల్సొచ్చి. ఎనకాల నా పక్కన బ్రహ్మయ్య. ఈయన దారంతా బ్రేకు బ్రేకు అని చంపుతాడేమో అనుకున్నా. ఎక్కడ? ఊరు దాటకముందే నా భుజం మీద తలపెట్టి ఒకటే గురక. గుంటలో పడ్డా లేవలా. నేనొక్కదాన్నే కమ్మీ పట్టుకుని కూర్చున్నా. ఆమె బాగా తోలిద్దా అని ఇంకా నన్నడగతన్నారా మీరు? పదండి పదండి, పొయ్యి మీద ఎసరు మరిగిపోతంది.