పద్దెనిమిది గుంటలకు ఒక్క దెబ్బ

పూర్ణచంద్ర చేతిలో ఉన్నది ముప్పై ఏడు వేలు. దాంతో గుడియాత్తంలో పిల్లలకు గోల్ఫ్ నేర్పే చోటొకటి పెట్టాలని అతని పట్టుదల. వలలకు, బంతులకు లెక్క వేసేశాడు, ఇక స్థలమే తక్కువ. కోకిల టీకొట్టు వెనకాల ఖాళీగా పడున్న స్థలం రంగరాజులుది. అందుకే ముసలాయన టీకొచ్చే వేళ చూసుకుని, గోల్ఫ్ కర్ర ఒకటి చంకన పెట్టుకుని వచ్చి మొదలుపెట్టాడు.

"పెద్దాయనా, ఈ ఆటలో దెబ్బలు ఎంత తక్కువైతే అంత గొప్ప. ఒక్క దెబ్బ బాగా పడిందంటే రెండు దెబ్బలు మిగిలినట్టే. బంతి పద్దెనిమిది గుంటల్లో పడాల. ఆరితేరినోళ్ళకే డెబ్బై రెండు దెబ్బలు పడతాది. పోయిన నెల బెంగుళూర్లో నాకు డెబ్బై!"

నిజానికి అతనికైనవి నూట నలభై ఒకటి.

రంగరాజులు గ్లాసు దించి, "డెబ్బైయా?" అన్నాడు. ఆ ఒక్క మాట చాలు, పూర్ణ నోటికి పగ్గం లేకుండా పోయింది.

"అది పొద్దున. సాయంత్రం ఏమైందో తెలుసా? గుంటకొక దెబ్బ! పద్దెనిమిదికి పద్దెనిమిది!"

"పోప్పా!" అన్నాడు బెంచీ మీది మునిరాజ్.

"ఇంకా విను మామా. మరుసటి దినం అదీ ఎక్కువే అనిపించింది. కొట్టినాను చూడు, బంతి మొదటి గుంటలో పడింది. ఆడ కప్ప కూర్చోని ఉండాది, అది జడుసుకొని తన్నింది, రెండో గుంటలో పడింది. ఆడా ఒక కప్ప! అట్లా తొమ్మిది గుంటలు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గద్ద ఎత్తుకుపోయింది. కాట్పాడి మీదుగా పోయి, వేలూరు కోట చుట్టి, ఇది తినేది కాదని తెలుసుకొని తిరిగొచ్చి, టీలో బన్ను ముంచినట్టు తక్కిన తొమ్మిది గుంటల్లోనూ ముంచి తీసింది. మొత్తం ఒక్క దెబ్బ!"

కోకిల పాల కింద మంట తగ్గించింది. "తక్కువ కొట్టినోళ్ళే గెలిచినట్టా నాయనా?"

"అంతే అక్కా."

"నేను పుట్టినకాడ్నుంచి ఒక్క దెబ్బా కొట్టలేదే! నీకంటే నేనే గొప్ప గదా? నా బహుమానం యాడిస్తారు?"

మునిరాజ్‌కు టీ పొలమారింది. పూర్ణ కూడా నవ్వబోయాడు గానీ చెవులు భగ్గుమన్నాయి. రంగరాజులు నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

"నా స్థలం కోసమే వచ్చినావని తెలుసులే. అది అడిగేదానికి ఇంత దూరం గద్దనెందుకు తిప్పినావు నాయనా?" అన్నాడు ముసలాయన లేస్తూ. "దా. ఆ మూల వేపచెట్టు దాకా కొట్టు. ఎన్ని దెబ్బలకు చేరతాదో చూసి మాట్లాడుకొందాం."

అందరూ వెంట వచ్చారు. పూర్ణ ఎవరి మొహమూ చూడకుండా బంతి నేల మీద పెట్టి, బలమంతా కూడదీసుకుని కర్ర ఊపాడు. దుమ్ము లేచింది. బంతి ఉన్నచోటే ఉంది.

మునిరాజ్‌కే జాలేసింది. "గాలికి పోయింది, విడువప్పా. అది లెక్కలోకి రాదులే."

అవునంటే సరిపోయేది. పూర్ణ తల అడ్డంగా ఊపాడు.

"వస్తాది మామా. తగలకపోయినా దెబ్బే," అని, రంగరాజులుకు వినబడేటట్టు "ఒకటి" అన్నాడు. రెండో దెబ్బకు కాళ్ళు సర్దుకున్నాడు.