దారం ఉండ

అడ్డంగా ఊపకండి తల! ముక్కులో ఆ గొట్టం కదిలిందంటే నర్సమ్మ మళ్ళీ నామీదే విరుచుకుపడుతుంది. ఊపితే నిలువుగా ఊపండి. ఆపరేషన్‌కి సరేనని ఒక్క ఊపు. అంతేగా నేనడిగేది!

గ్యాసట, గ్యాసు! మంచినీళ్ళు కూడా ఆగకుండా పచ్చగా కక్కుతున్నారు. ఆ పొట్ట చూసుకోండి, దూది ఎక్కువై కుట్లు ఊడబోతున్న దిండులా లేదూ? ఇంకా గ్యాసేనంటారా?

స్కానింగ్ చూసి సర్జన్ గారన్నది విన్నారుగా. చిన్నపేగులో ఏదో ఉండ అడ్డం పడిందట. "మీ ఆయన ఏం మింగాడమ్మా?" అని నన్నడిగారు. మీ మొహంకేసి చూశాను. అప్పుడు కనిపించింది, మీ ముందుపంటికి పడ్డ ఆ నొక్కు.

దారమండీ! మిషన్ మీద కుట్టు పూర్తవగానే పంటితో పుటుక్కున కొరుకుతారు. కత్తెర అందుకోడానికి బద్ధకం. ఉమ్మితే కస్టమర్ చొక్కామీద పడుతుందని మింగేస్తారు. ఇన్నేళ్ళలో ఎన్ని చొక్కాలు, ఎన్ని ముక్కలు! పాలిస్టర్ దారమాయె, అరుగుతుందా?

చాలామందికి బయటికి పోతుందట. ఎక్కడో ఒకరికి ఇలా ఉండ కడుతుందట. లాటరీ ఏనాడైనా తగిలిందా మనకి? ఇది మాత్రం తగిలింది!

పొట్ట కోసి, ఆ ఉండని పేగు పైనుంచే మెల్లగా పెద్దపేగులోకి నెట్టి చూస్తారట. కదలకపోతే చిన్న గాటుపెట్టి తీసి కుట్టేస్తారట. ఆలస్యమైతే... పేగు నల్లబడుతుందట. అప్పుడు ఆ ముక్క తీసేసి కొసలు కలిపి కుట్టాలి. అదీ దాటితే ఇక చేతులెత్తేయడమే.

ఎందుకా చూపు? పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ బట్టలు కోసినవారు, మీకు కత్తంటే భయమా?

నాకూ భయమేనండీ.

కళ్ళు మూసుకోకండి. అసలు సంగతి చెప్తాను. మీ ఎదురు మిషన్ మీద కూర్చునేదెవరు? నేనేగా. మీరు కొరికినట్టే నేనూ కొరికాను, మీరు మింగినట్టే మింగాను. పోయిన వారం నుంచి నాకూ బొడ్డు చుట్టూ మెలిపెడుతోంది. మీకు చెప్పలేదు. సర్జన్ గారికీ చెప్పలేదు.

మీరు లోపలికెళ్ళి ప్రాణాలతో బయటికొస్తేనే చెప్తాను. లేదంటే నోరు విప్పను, ఒట్టు.

ఇప్పుడు ఊపండి. ఎటు ఊపుతారో మీ ఇష్టం.