“దాన్ని లేపెయ్” అన్న మాటకు అర్థం

14 మార్చి 2025, శుక్రవారం, ఉదయం 11.10 గంటలు. యీషున్ పోలీస్ స్టేషన్.

నా పేరు హైమావతి. వయసు 46 సంవత్సరాలు. మాది అనంతపురం జిల్లా ధర్మవరం. పదిహేడేళ్లుగా సింగపూర్‌లో ఉంటున్నాను. యీషున్‌లో ఒక ఫ్లాట్‌లో నేనూ మా ఆయనా ఉంటాం. ఒక కాలేజీలో అమ్మాయిల హాకీ జట్టుకు కోచ్‌గా పనిచేస్తున్నాను. నాకు ఇంగ్లీషు వచ్చు. అయినా ఈ సంగతి తెలుగులోనే చెప్పుకుంటానని నేనే అడిగాను. అందుకని దుభాషిగా శ్రీనాథ్ గారిని పిలిపించారు.

ఆమని నా జట్టులో డిఫెండర్. వయసు పందొమ్మిది. ఇక్కడే సెరంగూన్‌లో పుట్టి పెరిగిన పిల్ల, ఇక్కడివాళ్లలాగే మాట చివర ‘లా’ చేరుస్తుంది. మిగతా అమ్మాయిలు నన్ను కోచ్ అంటారు, తను మాత్రం ఆంటీ అంటుంది. జట్టులో తెలుగు వచ్చినవాళ్లం మేమిద్దరమే. ఎదుటి జట్టుకు అర్థం కాకూడదని మైదానంలో తనతో తెలుగులో మాట్లాడటం నేనే మొదలుపెట్టాను. బంతిని స్టిక్‌తో పైకెత్తి అవతలివాళ్ల తలల మీదుగా పంపమనడానికి “లేపెయ్” అనేదాన్ని. ప్రాక్టీసులో కొన్ని వందల సార్లు అని ఉంటాను.

8వ తేదీ శనివారం మా కాలేజీ మైదానంలో సెమీఫైనల్. సాయంత్రం 4 గంటలకు మొదలైంది. 5.20కి మేము 2-1తో ముందున్నాం. ఇంకా నాలుగు నిమిషాల ఆట ఉంది. అవతలి జట్టులో ఏడో నంబర్ అమ్మాయి బంతి తీసుకుని కుడివైపు నుంచి పరుగెత్తుకొచ్చింది. వాళ్ల గోల్ ఆమే వేసింది. ఆమె పేరు క్లారిస్సా అని నాకు తర్వాత తెలిసింది. అప్పటికి ఏడో నంబర్, అంతే. జుట్టుకు పసుపుపచ్చ రబ్బరు బ్యాండు ఉంది. అది ఎందుకు గుర్తుందో తెలియదు.

నేను మైదానం అంచు గీత పక్కన నిలబడి, “ఆమనీ, దాన్ని లేపెయ్” అని అరిచాను. ఆమని నా వైపు ఒకసారి చూసింది. తర్వాత స్టిక్ ఎత్తి కొట్టింది. దెబ్బ బంతికి తగల్లేదు. ఆ అమ్మాయి ఎడమ మోకాలి కింద తగిలింది. ఆ చప్పుడు నాకు వినిపించింది. అంపైర్ ఆమనికి రెడ్ కార్డు చూపించారు. అంబులెన్స్ 5.41కి వచ్చింది. ఎముక రెండు చోట్ల విరిగిందని ఆ రాత్రి తెలిసింది. మేము 2-1తోనే గెలిచాం. ఆ సంగతి ఇక్కడ చెప్పాలో అక్కర్లేదో తెలియదు.

10వ తేదీ సోమవారం ఉదయం 10 గంటలకు కాలేజీలో విచారణ జరిగింది. క్రీడా విభాగం మేనేజర్ గో గారు, మరో ఇద్దరు కూర్చున్నారు. ఎందుకు కొట్టావని ఆమనిని అడిగారు. కోపంలో కొట్టానని, తప్పంతా తనదేనని ఇంగ్లీషులో చెప్పింది. నా వైపు చూడలేదు. కోచ్‌గా ఏమైనా సూచన ఇచ్చారా అని నన్ను అడిగారు. లేదన్నాను. అప్పుడు గోడ గడియారంలో 10.35 అయింది. దుష్ప్రవర్తన కారణంగా ఆమనిని జట్టు నుంచి తొలగిస్తున్నట్టు కాగితం రాసి నా ముందు పెట్టారు. నా పెన్ను రాయలేదు. ఆమని తన పెన్ను ఇచ్చింది. దాంతోనే సంతకం పెట్టాను.

11.15కి బస్టాపులో ఆమని పక్కన కూర్చున్నాను. “నా పేరు చెప్పి ఉంటే పోయేది గదమ్మా. ఎందుకు చెప్పలేదు?” అని అడిగాను.

“మీరు బాల్ గురించే చెప్పారు లా, ఆంటీ. నేనే రాంగ్‌గా విన్నా.”

“నిజంగా నీకట్లే అనిపించిందా?”

తను “అలాగే చెబుదాం” అంది. బస్సు వస్తే ఎక్కి వెళ్లిపోయింది.

క్లారిస్సా తండ్రి పోలీసులకు ఫిర్యాదు చేసి, తను ఫోన్‌లో తీసిన వీడియో ఇచ్చారట. అధికారి ఈ రోజు దాన్ని నాకు మూడుసార్లు వినిపించారు. ఆ గొంతు నాదే. “దాన్ని” అంటే బంతినా, అమ్మాయినా అని అడిగారు. తెలుగులో రెంటికీ అదే మాట. శ్రీనాథ్ గారు కూడా అదే చెప్పారు. మా వైపు ఆడపిల్లల్ని అలాగే అంటాం. “లేపెయ్” అన్నా అంతే. బంతినైతే పైకెత్తమని. మనిషినైతే పడగొట్టమని, ఇంకా ఘోరంగా కూడా అంటారు.

నేను ఏది అన్నాను అంటే, బంతినే అని ఉండాలి. ప్రాక్టీసులో ఎప్పుడూ బంతినే. కానీ బంతి ఆమని దగ్గర లేదు. తన దగ్గర లేని బంతిని లేపమని ఎలా అంటాను? బంతి లాక్కుని లేపమని కావచ్చు. ఆ అమ్మాయిని అని కూడా కావచ్చు. ఆ క్షణంలో ఆ అమ్మాయి పడిపోతే బాగుండుననుకున్నాను. అది నిజం. అనుకున్నదే అన్నానా అంటే తెలియదు. ఆరు రోజులుగా ఆలోచిస్తున్నాను. తెలియదు.

సోమవారం నేను చెప్పిన “లేదు” మాత్రం అబద్ధం. అది తెలిసే చెప్పాను. ఈ రోజు ఉదయం 8.30కి గో గారికి ఫోన్ చేసి ఒప్పుకున్నాను. కొట్టింది ఆమని కాబట్టి తొలగింపు మారదని ఆయన అన్నారు. నన్ను కూడా ఇక రావద్దన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. ఆమనికి ఫోన్ చేశాను. ఎత్తలేదు.

శ్రీనాథ్ గారు దీన్నంతా నాకు తెలుగులో చదివి వినిపించారు. “ఆ అమ్మాయిని అని కూడా కావచ్చు” అన్న వాక్యం కొట్టేయమంటారా అని అధికారి అడిగారు. ఉంచమన్నాను. ఎవరి ఒత్తిడీ లేకుండా, నాకు తెలిసినంతవరకు నిజం చెప్పి, ప్రతి పేజీ కింద సంతకం చేస్తున్నాను.

(సంతకం) హైమావతి
మధ్యాహ్నం 12.55