తీగను అడిగి పాఠం చెప్పిన మా మాస్టారు గారు

పంతొమ్మిది వందల తొంభై ఆరవ సంవత్సరం జూలై ఎనిమిదో తేదీ, సోమవారం ఉదయం, తొమ్మిదింటికి ఐదు నిమిషాల ముందు మా మాస్టారు గారు ఈ పాఠశాలలో సహాయోపాధ్యాయులుగా అడుగుపెట్టారు. ఆ ఐదు నిమిషాల సంగతి నాకెలా తెలుసంటే, తొమ్మిదికి గంట కొట్టవలసినదాన్ని నేనే. అప్పట్లో నేను ఈ బడిలో ఆయాను. గదులు ఊడ్చి, చీపురు మూల పెట్టి వచ్చేసరికి కొత్తాయన ఒకరు గంట కింద నిలబడి చేతి గడియారం చూసుకుంటున్నారు. నేను కొట్టాక, "ఒక నిమిషం ఆలస్యమైందమ్మా" అన్నారు. ఆయన నాతో పలికిన మొదటి మాట అదే. వారం తిరక్కుండానే పిల్లలు ఆయనకు గంట మాస్టారు అని పేరు పెట్టేశారు. వారి శ్రీమతి గారు, నేను అక్కయ్య గారని పిలుచుకునే ఆవిడ, ఆ పేరు విని నవ్వి, పెళ్ళికి కూడా ఈయన గడియారం చూసుకునే వచ్చారని చెప్పారు.

ఈ సంచిక చదివే కొత్తవారి కోసం ఒక మాట. మా బడి కొండ అడుగున ఉంది. పిల్లల్లో ముప్పాతిక మంది కొండ మీది మా వాళ్ళ పిల్లలే. ఇంట్లో వాళ్ళు మాట్లాడేది ఒక భాష, బడిలో చదివేది ఇంకో భాష. ప్రహరీ దాటి లోపలికి వస్తే ఇంటి మాట నోట రాకూడదని అప్పట్లో నియమం. ఆ నియమం మాస్టారు గారు పెట్టింది కాదు. వచ్చిన కొత్తలో ఆయన తీసేసిందీ కాదు. అభినందన వ్యాసంలో ఇలాంటివి రాయవచ్చా అని ఆయన్నే అడిగాను. "రాయకపోతే మిగతాదంతా అబద్ధమవుతుంది" అన్నారు. అందుకే రాస్తున్నాను.

తొంభై ఎనిమిదిలో, పిల్లలకు తమ నేల గురించి వారానికొక పాఠం చెప్పమని పై ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. చాలా బళ్ళలో ఆ పీరియడ్ లెక్కలకు వాడేసుకున్నారు. మా మాస్టారు గారు మాత్రం దాన్ని మనసా వాచా నమ్మారు. నేల పాఠం అని పేరు పెట్టి, బుధవారం భోజనాలయ్యాక మొదటి పీరియడ్ అని టైంటేబుల్‌లో ఎర్ర సిరాతో రాశారు. స్కేళ్ళు, దారాలు, తూకం రాళ్ళు సిద్ధం చేసుకుని, వానలు ఇంకా వెళ్ళకముందే ఒక బుధవారం నలభై రెండు మంది పిల్లల్ని దుంపలుండే ఏటవాలుకు తీసుకువెళ్ళారు. తోడుగా నేనూ వెళ్ళాను.

మా కొండ మీద దుంప తవ్వడానికి ఒక పద్ధతి ఉంది. తీగ పచ్చగా ఉన్నంతకాలం లోపల దుంప పెరుగుతూనే ఉంటుంది. తీగ ఎండి, ఆకు రాలాకే పలుగు పెట్టాలి. అప్పుడైనా మొత్తం తీసేసుకోకూడదు. తీగ అంటుకున్న తలను కోసి, అదే గుంటలో పెట్టి మన్ను కప్పాలి. మరుసటేడు అది మళ్ళీ మొలుస్తుంది. పలుగు ఎత్తలేని వయసు పిల్లలకు కూడా ఈ విషయం తెలుసు. ఆ రోజు తీగలన్నీ పచ్చగా నిగనిగలాడుతున్నాయి. ముందు వరసలో నిలబడ్డ ఒక పిల్ల మా భాషలో ఏదో చెప్పబోయింది. మాస్టారు గారు ఆ పిల్ల తల నిమిరి, బడిలోకి వెళ్ళాక బడి భాషలో చెప్పమన్నారు. నేనూ చూస్తూనే ఉన్నాను. అంత చదువుకున్నాయనకు చెప్పడానికి నేనెవరినిలే అనుకుని నోరు మూసుకున్నాను. పీరియడ్ అయ్యేలోగా ఇరవై ఆరు గుంటలు తవ్వాం. ఒక్క తలనూ గుంటలో వదల్లేదు. దుంపలన్నీ కడిగి, కొలిచి, చీటీలు అంటించి బల్ల మీద బారుగా పేర్చారు. ఆ సాయంత్రం మాస్టారు గారి ముఖం ఎంత వెలిగిపోయిందో నాకిప్పటికీ గుర్తు.

మర్నాడు నేను గంట కొడితే పదకొండు మంది వచ్చారు. ఆ మర్నాడూ పదకొండు మందే. కొండ పిల్లలు ఒక్కరూ దిగి రాలేదు. మూడో రోజు మాస్టారు గారు నన్ను వెంటబెట్టుకుని కొండెక్కారు. ఆ ఏటవాలును కనిపెట్టుకుని ఉండే పెద్దావిడను మేమంతా దుంపల అవ్వ అంటాం. ఆవిడ వాకిట్లో కూర్చుని పలుగు నూరుకుంటోంది. ఆయన్ను కూర్చోమనలేదు. ఆవిడ మా భాషలో అడగడం, నేను బడి భాషలోకి మార్చి చెప్పడం.

"తీగ పచ్చగా ఉండగా తవ్వమని ఎవరు చెప్పారు నాయనా?"

"గంట చెప్పింది అవ్వా" అన్నారు మాస్టారు గారు.

"మరి మా పిల్లలు చెప్పలేదా?"

ఆవిడ వెనకాల నిలబడ్డ మనవరాలే ముందు వరస పిల్ల. "నేను చెప్పాను. సార్ తర్వాత చెప్పమన్నారు" అంది నేల చూపులు చూస్తూ.

అప్పుడు మాస్టారు గారు చేసిన పనికే ఇన్నేళ్ళుగా ఆయనంటే నాకింత గౌరవం. ఆ పిల్ల ముందు గొంతుక్కూర్చుని, ఆ రోజు ఏం చెప్పబోయావో మీ మాటలోనే చెప్పమ్మా అని అడిగారు. ఆ పిల్ల చెప్పింది. "ఇది ఇంకా తాగుతోంది, లేపకండి" అని దాని అర్థం. మూడుసార్లు చెప్పించుకుని, చేతిలో ఉన్న హాజరు పట్టీ అట్ట మీద రాసుకున్నారు. బడి కాగితం మీద మా భాష ఎక్కడం అదే మొదలు.

అవ్వ పిల్లల్ని బడికి పంపింది కానీ ఏటవాలు మాత్రం మూసేసింది. గుంటలు మళ్ళీ మొలిచే దాకా బడివాళ్ళు అక్కడ కాలు పెట్టకూడదంది. తలలు లేని గుంటలు వాటంతటవి ఎలా మొలుస్తాయి? ఇంకో వైపు నుంచి తలలు తెచ్చి ఆయనొక్కరే వచ్చి నాటాలని కూడా అంది. సెలవుల్లో అందరూ ఊళ్ళకు వెళితే, మాస్టారు గారు అవ్వ చూపించిన చోటల్లా తలలు నాటి వచ్చేవారు. మొదటి ఏడు నాటిన వాటిలో సగం కుళ్ళిపోయాయి. పొయ్యి ఆరాక వంట వరండాలో కూర్చుని నా దగ్గర మా భాష నేర్చుకునేవారు. రోజుకు నేను పది మాటలు చెబితే ఆయన నాకు రెండు అక్షరాలు చెప్పేవారు. నలభై మూడేళ్ళ వయసులో, మా ఆయన పోయిన రెండేళ్ళకు, నేను పలక పట్టాను. పిల్లలు కిటికీలోంచి తొంగిచూసి మా ఇద్దరి తప్పులకూ సమానంగా నవ్వేవారు. ప్రహరీ లోపల ఇంటి మాట వద్దన్న నియమం ఎప్పుడు పోయిందో ఎవరూ ప్రకటించలేదు. ఆయనే రోజూ దాన్ని దాటుతుంటే ఇక ఎవరిని ఆపుతారు?

ఆ రోజుల్లోనే తనిఖీ అధికారి ఒకరు వచ్చి టైంటేబుల్ చూశారు. నేల పాఠం ఎదురుగా "తీగ ఎండాక" అని రాసి ఉంది. "ఎండాక అంటే ఎన్నింటికండీ?" అని అడిగారు. "తీగను అడగాలి సార్. అడగడం వచ్చినవాళ్ళు మా బడిలో ముప్పై మంది ఉన్నారు" అన్నారు మాస్టారు గారు. దానికి వచ్చిన మెమోను ఆయన ఫైల్లో పెట్టుకున్నారు, టైంటేబుల్ మాత్రం మార్చలేదు.

రెండు వానాకాలాలు గడిచాక ఇరవై ఆరు గుంటల్లో పంతొమ్మిది మొలిచాయి. అవ్వ లెక్క చూసుకుని, మిగతా ఏడూ ఎలుకల పాపమని కొట్టేసి, రమ్మంది. కానీ ఏటేటా వచ్చి అడగాలని షరతు పెట్టింది. రెండువేల ఐదులో ప్రధానోపాధ్యాయులైనా, రెండుసార్లు పట్నం బదిలీలు చేతిదాకా వచ్చి వద్దనుకున్నా, నన్ను భాషా సహాయకురాలిగా తీసుకోమని ఆఫీసుకు ఏడు ఉత్తరాలు రాసి ఎనిమిదోదానికి సాధించినా, పిల్లలు చెప్పిన మాటలతో వాచకం కూర్చి అక్కయ్య గారి చేత పుటలు కుట్టించినా, ఏటా తీగలు పసుపెక్కగానే కొండెక్కి అవ్వ వాకిట్లో నిలబడి అడగడం మాత్రం ఆయన మానలేదు.

ఈ ఏడు ఆయన వెళ్ళలేదు. బాధ్యతలు తీసుకోబోతున్న కొత్త మేడం గారిని, నన్ను, పదిమంది పిల్లల్ని పంపారు. మీరూ రండి, లేకపోతే అవ్వ కాదంటే ఇన్నేళ్ళ పాఠం ఆగిపోతుందని నేను బతిమాలాను. "నేనొస్తే నా ముఖం చూసి ఒప్పుకుంటుంది. అది రేపటికి పనికిరాదు" అన్నారు. మమ్మల్ని బడి గేటు దాకా సాగనంపారు.

అవ్వకిప్పుడు ఎనభై దాటాయి. మేడం గారు మా భాషలో, తడబడుతూనే, అడిగారు. అవ్వ పిల్లల వైపు తిరిగి, "ఈవిడ మీ మాట వింటుందా?" అంది.

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి ఒక గడుగ్గాయి, "వింటుంది కానీ, ఒక్కోసారి రెండుసార్లు చెప్పాలి" అంది. మేడం గారి చెవులు ఎర్రబడ్డాయి.

"రెండోసారికి వింటే చాల్లే. ఆయనకి ఏడాది పట్టింది" అంది అవ్వ. "రేపు రండి, తీగలు ఎండాయి."

నేను దిగి వచ్చేసరికి మాస్టారు గారు బడి గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. జరిగింది జరిగినట్టు చెప్పాను. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశారు.

"ఏడాది కాదమ్మా, రెండు. అవ్వ తగ్గించి చెప్పింది" అన్నారు.

మాస్టారూ, ఈ నెలాఖరుతో మీ ఉద్యోగానికి విశ్రాంతి. ఆ ఏటవాలు ఎక్కే ఓపిక మీ మోకాళ్ళకు, చిన్నపిల్లల గుసగుస అందుకునే శక్తి మీ చెవులకు చిరకాలం ఉండాలి. అక్కయ్య గారితో, అమ్మాయితో, పుట్టబోయే మనవలతో మీరు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్ళు చల్లగా ఉండాలని, మీ దగ్గర దిద్దుకున్న అక్షరాలతోనే కోరుకుంటున్నాను.