చదును దారి

కొండ మీది విడిది ఊళ్లో, చక్రాల కుర్చీల కోసం కొత్తగా వేసిన చదును దారి మొదట్లో, కుర్చీలో ఒంటరిగా వచ్చిన పెద్దాయనను కాపలాదారు ఆపాడు.

"తోడు లేకుండా పంపకూడదు పెద్దాయనా. యాడనుంచి వచ్చినావు?"

"రాయచోటి. ఆటోలో వచ్చి దిగినా."

"ఇన్నాళ్లూ కుర్చీ ఎవరు తోసినారు?"

"మా ఇంటామె, పదకొండేండ్లు. అప్పుడు ఈడ అన్నీ మెట్లే. నువ్వన్నా పైకి పోయి చూసి రా అని నేనంటే, పోతే ఇద్దరమూ పోదామనేది. మీరు ఈ దారి వేసేలోగా ఆమె పోయింది."

కాపలాదారు వచ్చినోళ్ల పేర్లు రాసే పుస్తకం తెరిచాడు.

"పుస్తకంలో తోడు పేరు రాయాల పెద్దాయనా."

"నాకెవరూ లేరప్పా. నీ పేరే రాసుకో."

అతను రాసుకుని, వచ్చి కుర్చీ వెనక పట్టుకున్నాడు.

"మెల్లగా తోయప్పా. ఆమె శానా మెల్లగా తోసేది."