తిట్టని పొద్దు

బోబో-జులాసో సంతలో, జొన్నలమ్మే బోబో ఆవిడ ముందు పాలమ్మే ఫులానీ ఆవిడ ఆగింది. బోబో, ఫులానీ తెగలవాళ్ళు ఎదురుపడితే తిట్టుకునే పలకరించుకోవాలి. తాతలనాటి వరస అది.

"బాగున్నారా అక్కా?"

"అక్కా ఏంటే, నీళ్ళపాలదానా! మీ ఇంట్లో ఎవరైనా పోయారా?"

"లేదండీ."

"అండీ కూడానా! ఏం ముంచుకొచ్చిందో చెప్పవే తల్లీ!"

"రాత్రి మా మంద మీ చేలో పడింది. సగం మేసేసింది."

"సగమా! మా ఏడాది తిండే అది!"

"మావాళ్ళు పెయ్యదూడనిస్తామన్నారు. తీసుకోండి."

"దూడనెలాగూ తీసుకుంటా. ఈ మర్యాదే నావల్ల కాదు. తిట్టు, లేదంటే పెద్దల దగ్గరికి పోతా."

"ఇంత జరిగాక ఏం తిట్టను?"

"తిట్టవే!"

"సరే, విను. నీ జొన్న నోట పెట్టలేక మా ఆవులే సగంలో వదిలేసి వచ్చాయి."